అక్కకు సోకిన గాలి

నేను ఫార్మసీ కాలేజీలో పాఠం చెప్తాను. మెదడు మీద పనిచేసే మందుల పాఠం ఏటా ఒకసారి వస్తుంది. వాంతులు ఆపే మందు దగ్గరికి వచ్చేసరికి మేడమ్ ముఖం మారిపోతుందని, ఆ రోజు ఆమె జోలికి పోవద్దని పాత విద్యార్థులు కొత్తవాళ్లకు చెప్పి పెడతారట. నిజమే, ఆ పాఠం నేను కోపంగానే చెప్తాను. ఎవరి మీద కోపమో మాత్రం ఇన్నేళ్లయినా తేలలేదు. సూది వేసిన డాక్టరును, తాయెత్తు కట్టిన ముసలాయనను, మా అమ్మను, అక్క అత్తను ఒక్కొక్కరినే ఎదురుగా నిలబెట్టుకుని తిడదామని చూస్తాను. ఎవరినీ పూర్తిగా తిట్టలేను. నాలాంటి నోరున్న మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అక్క తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. మాది మహబూబ్‌నగర్ వైపు ఊరు. బాపు ఒకరి ట్రాక్టరు నడిపేవాడు, అమ్మ కూలికి పోయేది. నేను ఇంటర్ చదువుతున్నాను. అక్కను ఇచ్చింది తిరుమలగిరి దగ్గర. అంత దూరమా అని అమ్మ మొదట ముక్కు విరిచింది కానీ, బావ ముఖం చూసి ఒప్పుకుంది. ఎవరితోనూ తగవు పెట్టుకోని ముఖం అది. ఆ ముఖమే తరువాత మా కొంప ముంచింది.

ఆడపిల్ల పుట్టింది. అక్కకు పాలు బాగా పడ్డాయి. పిల్ల పాలు తాగుతూ ఒడిలోనే నిద్రపోతే, కాళ్లు తిమ్మిరెక్కినా అక్క కదిలేది కాదు. నేను గట్టిగా మాట్లాడితే కళ్లు ఉరిమేది. నా గొంతు పుట్టుకతోనే పెద్దది, నేనేం చేయను? "నువ్వు దొడ్లకు పోయి సదువుకో పోవే" అని తరిమేది. అక్క అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాత కూడా చూడలేదు.

ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెలలో వేసే పండుగ. తిరుమలగిరి నుంచి అక్క అత్త, బావ, చుట్టాలు బండి కిరాయికి మాట్లాడుకుని వచ్చారు. సరిగ్గా ఆ పొద్దున్నే అక్కకు వాంతులు పట్టుకున్నాయి. ముందురోజు తిన్నది ఏదో పడలేదు. పది మందిలో పిల్లను ఒడిలో పెట్టుకుని పీట మీద కూర్చోవలసిన బాలింత ఇలా వాంతులు చేసుకుంటుంటే ఎట్లా అని అమ్మ బాపును తొందరపెట్టింది. బాపు పోయి ఊళ్లో ఆరెంపీ డాక్టరును పిలుచుకొచ్చాడు. మా ఊళ్లో జ్వరానికీ దెబ్బకీ దగ్గుకీ ఆయనే దిక్కు. మంచివాడు, డబ్బుల కోసం పీడించేవాడు కాదు. వాంతులు ఆగడానికి సూది వేశాడు.

కాసేపు నిమ్మళించి, అక్క మళ్లీ వాంతి చేసుకుంది. డాక్టరు సంచి సర్దుకుంటుంటే అమ్మే అడ్డం పడింది.

"ఇంకొక్కటెయ్యి సారూ. చుట్టాల ముందట పరువు పోతది."

ఆయన కొంచెం ఆలోచించాడు. అమ్మ బతిమాలింది. రెండో సూది కూడా వేశాడు, గోలీలు కూడా ఇచ్చిపోయాడు. వాంతులు ఆగాయి. అమ్మ ఆయనకు పళ్లెంలో కూర, అన్నం పెట్టి మరీ పంపింది.

మధ్యాహ్నం అక్కను పీట మీద కూర్చోబెట్టి ఒడిలో పిల్లను పెట్టారు. ముత్తైదువలు పాట అందుకున్నారు. ఆ పాట మధ్యలో అక్క మెడ మెల్లగా ఎడమ వైపుకు తిరగడం మొదలుపెట్టింది. ఎవరో పిలిస్తే చూస్తోందనుకున్నాను. మెడ ఆగలేదు. భుజం దాకా వంగిపోయింది. కళ్లు పైకి లేచి నల్లగుడ్డు కనిపించకుండా పోయింది. దవడ బిగిసింది, నాలుక బయటికి వచ్చింది. మాట్లాడబోతే గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. స్పృహ మాత్రం ఉంది. చేతులు పిల్లను గట్టిగా పట్టుకునే ఉన్నాయి, అది నాకు బాగా గుర్తు.

పాట ఆగిపోయింది. అక్క అత్త లేచి ఒక్క కేక పెట్టింది.

"పిల్లను తియ్యున్రి! పిల్లను తియ్యున్రి ముందుగాల!"

అక్క పట్టు వదల్లేదు. ఇద్దరు ఆడవాళ్లు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి పిల్లను లాక్కున్నారు. అక్క కళ్లు పైకి తిరిగి ఉండగానే కన్నీళ్లు చెవుల వైపు కారాయి.

బాలింతకు గాలి సోకిందని అందరూ ఒక్కసారే అన్నారు. ముందురోజు పొద్దుగూకే వేళ అక్క చెప్పుల్లేకుండా దొడ్లోకి పోయిందని ఒకామె చెప్పింది. తల విరబోసుకుని గడపలో కూర్చున్నదని ఇంకొకామె చెప్పింది. మా దొడ్డి వెనుక ఎప్పుడో ఎవరో పురిట్లో చనిపోయిన సంగతి కూడా బయటికి వచ్చింది. మా ఇంటి ముచ్చట్లు మాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసునని నాకు ఆ రోజే అర్థమైంది. మళ్లీ పిలిపిస్తే డాక్టరు వచ్చి అక్కను చూసి నిలువునా బిగుసుకుపోయాడు. "ఇది నాతోని కాదు అన్నా. ఇది మందుకు లొంగేది కాదు" అన్నాడు. అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. ఆయనకు నిజంగానే తెలియదు.

పక్క ఊరి నుంచి తాయెత్తు కట్టే ముసలాయన వచ్చేసరికి సాయంత్రమైంది. వేపమండలు తిప్పాడు, ఊదు పొగ వేశాడు, తాయెత్తు కట్టాడు. కాసేపటికి అక్క మెడ నెమ్మదిగా నిలబడింది. సూదిమందు ఒంట్లోంచి దిగిపోయే వేళకు తాయెత్తు వచ్చింది. అంతే జరిగింది. ఈ మాట నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

తెల్లారి అక్కకు మళ్లీ కడుపులో తిప్పింది. చుట్టాలు ఇంకా పోలేదు. మళ్లీ వాంతులేమోనన్న భయంతో అమ్మ డాక్టరు ఇచ్చిన గోలీలు రెండు వేసింది. మళ్లీ మెడ తిరిగింది. తాయెత్తుకు కూడా లొంగని గాలి అంటే మామూలు గాలి కాదని తేలిపోయింది. ఇక యాదగిరిగుట్టే దిక్కన్నారు. గాలీ ధూళీ సోకినవాళ్లు గుట్ట మీద మండలం పాటు ఉండి, గుండం నీళ్లలో మునిగి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేసే మొక్కు మా వైపు అందరికీ తెలిసినదే. అన్ని రోజులూ పసిపిల్ల అక్కడ ఉండకూడదు. పిల్లను తాను తీసుకుపోతానని అక్క అత్త అన్నది. బావ తల వంచుకుని నిలబడ్డాడు.

"ఒక్కపారి పాలిచ్చి ఇస్త అత్తమ్మా" అన్నది అక్క.

"వద్దు బిడ్డా. గా పాలు పిల్లకు మంచియి గావు. జర సమజ్ చేసుకో."

అత్త గొంతులో కోపం లేదు, భయమే ఉంది. పిల్లను గుడ్డలో చుట్టి, చెవులు కప్పి, బండిలో కూర్చుంది. పిల్ల ఏడుపు విన్నప్పుడు అక్క రవిక తడిసి ముద్దైంది. బండి పోయిన తరువాత కూడా పాలు కారుతూనే ఉన్నాయి.

గుట్ట మీద అక్కతో అమ్మ ఉంది. సెలవు దొరికినప్పుడు నేను సద్ది కట్టుకుని పోయేదాన్ని. గుడిని కొత్తగా కట్టకముందు సంగతి ఇది. ఆడవాళ్లు స్నానాలు చేసే చోట అక్క గోడ వైపు తిరిగి పాలు పిండి పారబోసేది. నొప్పికి పెదవి కొరుక్కునేది. చూడలేక అమ్మ మల్లెపూలు తెచ్చి, రొమ్ములకు గుడ్డతో కట్టి పాలు ఎండగట్టింది. మల్లెపూల వాసన వస్తే నేను ఇప్పటికీ అక్కడ నిలబడలేను. బస్సులో పక్క సీటామె పూలు పెట్టుకుంటే లేచి దూరంగా పోయి నిలబడతాను.

గుట్ట మీద ఉన్నన్ని రోజులూ అక్కకు మెడ తిరగలేదు. మొక్కులో ఉన్నప్పుడు మందులు మింగకూడదని గోలీలు అన్నీ మానేసింది మరి. గాలి దిగిపోయిందని అందరూ స్వామికి దండం పెట్టారు. నేనూ పెట్టాను.

అక్క తిరుమలగిరికి పోయింది. పిల్ల డబ్బా పాలకు అలవాటు పడింది. పుట్టువెంట్రుకలు తీసేదాకా పిల్ల నా దగ్గరనే పండుకోనీ అన్నది అత్త. వెంట్రుకలు తీశాక ఇంకొక ఏడు గడవనీ అన్నది. ఒకే ఇంట్లో ఉండి పిల్లకు స్నానం అత్త చేయించేది, పిల్ల బట్టలు అక్క ఉతికేది. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. అక్క తనను తానే నమ్మడం మానేసింది. పొయ్యి దగ్గర ఉన్నప్పుడు పిల్ల పాకుతూ వస్తే, ఎత్తుకోవడానికి బదులు "అత్తమ్మా, పిల్లను పట్టుకో" అని అరిచేది. తన చేతుల్లోకి మళ్లీ ఏదో వస్తుందేమోనని ఆమె భయం. నవ్వుతూ తుళ్లుతూ ఉండే మనిషి, అద్దంలో మెడ చూసుకుంటూ బతకడం నేర్చుకుంది.

పిల్లకు రెండేళ్లు దాటాక బావకు షాద్‌నగర్‌లో కంపెనీ పని దొరికింది. ఒక్క గది కిరాయికి తీసుకున్నారు. పిల్ల నాయనమ్మకు మరిగింది, ఇప్పుడే ఎందుకు అన్నాడు బావ. అక్క కూడా కాదనలేదు. పండుగలకూ సెలవులకూ పోయి చూసి వచ్చేవాళ్లు. మాటలు వచ్చాక పిల్ల నాయనమ్మను అమ్మా అని, అక్కను షాద్‌నగర్ అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. అందరూ ముద్దుగా నవ్వుకున్నారు. అక్క కూడా నవ్వింది.

పిల్లను బడిలో వేసిన ఏడు నేను ఫార్మసీ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఒక రోజు మా సారు బోర్డు మీద ఒక నరకణం బొమ్మ గీశారు. కణం గోడ మీద రెండు రిసెప్టర్లు, అంటే బయటి రసాయనం వచ్చి పట్టుకునే జాగాలు. ఒకటి డోపమైన్‌ది, ఒకటి ఎసిటైల్‌కోలిన్‌ది. మెదడులో కదలికలను చూసుకునే భాగంలో కొన్ని కణాల మీద ఈ రెండూ ఉంటాయి. డోపమైన్‌ది కణాన్ని నిమ్మళంగా ఉండమంటుంది, రెండోది కదలమంటుంది. రెండు మాటలూ గోడ దగ్గరే ఆగవు. లోపలికి పోయి కలుస్తాయి. ఆ రెండూ కలిశాక ఏది మిగిలితే కణం అదే చేస్తుంది. కొన్ని రకాల రిసెప్టర్లయితే ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయని, ఒకదాన్ని పట్టుకుంటే రెండోదాని పట్టు కూడా మారుతుందని సారు చెప్పారు. అది పరీక్షకు రాదని కూడా చెప్పారు. వెంటనే సగం మంది రాయడం ఆపేశారు.

తరువాత ఆయన డోపమైన్ రిసెప్టర్ మీద సుద్దముక్కతో అడ్డగీత గీశారు. వాంతుల మందు చేసేది ఇదే అన్నారు. వాంతి పుట్టే చోట డోపమైన్‌ను ఆపడానికి వేస్తాం, కానీ అది కదలికల దగ్గరికి కూడా పోతుంది. ఒక రిసెప్టర్ మూసుకుంటే దాని మాట ఆగడం ఒక్కటే కాదు, రెండోదాని మాటకు అడ్డు లేకుండా పోతుంది. ఎసిటైల్‌కోలిన్ ఊరడం కూడా పెరుగుతుంది. అప్పుడు కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడవాళ్లకు, మెడ పక్కకు తిరిగిపోతుంది, కళ్లు పైకి పోతాయి, దవడ బిగుస్తుంది, నాలుక బయటికి వస్తుంది. స్పృహ ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ను ఆపే సూది ఒకటి ఉంది, చవకది. అది వేస్తే కొద్దిసేపట్లోనే మనిషి మామూలైపోతుంది.

"మన ఊళ్లల్ల దీన్ని దయ్యమంటరు" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది.

నేను కదలకుండా కూర్చున్నాను. చేతిలో పెన్ను ఉంది, రాయలేకపోయాను. సారు ఇంకొక మాట కూడా చెప్పారు. డోపమైన్ పాలు పడకుండా పట్టి ఉంచుతుందట. ఆ పట్టును కూడా ఈ మందు వదిలిస్తుందట, అందుకే కొందరు బాలింతలకు పాలు ఎక్కువవుతాయట. బండి పోతుంటే అక్క రవిక తడవడం గుర్తొచ్చింది. క్లాసు మధ్యలో లేచి బయటికి పోయి, వరండాలో నిలబడి ఏడ్చాను. ఏడ్చింది తక్కువ, పళ్లు కొరికింది ఎక్కువ.

ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మొత్తం ఒక్కసారే చెప్పేశాను.

"అక్కా, నీకు గాలి సోకలే, ఏం సోకలే. గా సూది పడలే నీకు. రెండోది వేయించినంక ఎక్కువైంది. మల్లా గోలీలేస్తే మల్లొచ్చింది. గుట్ట మీద గోలీలు మానినవ్, రాలే. గంతే అక్కా."

అటు నుంచి గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"అయితే నా పాలల్ల ఏం దోషం లేకుండెనా?" అని అడిగింది.

"లేకుండె అక్కా."

"ఏం లేకుండెనా?"

"ఏం లేకుండె."

మళ్లీ మాట్లాడతానని పెట్టేసింది.

తరువాతి వారం తెల్లారకముందే మొదటి బస్సెక్కి ఇద్దరం తిరుమలగిరికి పోయాం. బావకు డ్యూటీ ఉందట. ఉండకపోతే ఆశ్చర్యపోయేదాన్ని. బస్సులో నేను మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. అక్క అత్త ఏమంటే ఏమనాలి, తాయెత్తు అంటే ఏమనాలి, స్వామి అంటే ఏమనాలి. కోర్టుకు పోతున్న వకీలులాగా ఉన్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒడిలో కొత్త గౌను, బిస్కట్ పొట్లం ఉన్నాయి.

అక్క అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నీళ్లిచ్చింది, చాయ్ పెట్టింది. నేను నిలబడే మొదలుపెట్టాను. రిసెప్టర్ అంటే ఆమెకు ఏం తెలుస్తుందని బండికి కట్టిన ఎడ్ల ముచ్చట చెప్పాను. ఒక ఎద్దును ఆపి పట్టుకుంటే రెండోది గుంజినప్పుడు బండి పక్కకు తిరుగుతుంది కదా, అక్క మెడ తిరిగింది అట్లనే, ఎద్దును పట్టుకున్నది సూదిమందు అని చెప్పాను. ఆమె చింతపండు చేత్తోనే అడ్డం చెప్పకుండా మొత్తం విన్నది.

"నువ్వు సదువుకున్నదానివి. నిజమే అయ్యుంటది" అన్నది. చింతపండు పక్కకు జరిపి మళ్లీ అన్నది. "సూదో, గాలో, నాకేం ఎరుక బిడ్డా. గాలే అనుకున్న. గా గాలి పోయిందని మాత్రం ఏడాదికే ఎరుకైంది. నా కోడలు మంచిగనే ఉన్నదని నా కండ్లకు కనవడ్తనే ఉండె. పిల్లను ఇయ్యబుద్ధి గాలె. నా మీద చెయ్యేసుకుని పండుకుంటది. ఇయ్యాల ఇస్త, రేపు ఇస్త అనుకుంట గాలి పేరు చెప్పుకుంట ఉంచుకున్న."

ఆమె మూఢనమ్మకాన్ని ఓడించడానికి పోయాను, అక్కడ మూఢనమ్మకమే లేదు. ఉన్నది నాకు తెలిసిన ఏ మందుకూ దిగేది కాదు. అక్క ముఖం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి, పిల్ల బట్టలన్నీ ఒక సంచిలో పెట్టింది. బడి బ్యాగు కూడా తెచ్చింది. బడికి తయారవుతున్న పిల్లను పిలిచి, అక్క వైపు తిరిగింది.

"తీస్కపో. నీ బిడ్డ. నేను తప్పు జేసిన."

పిల్లకు సంచి కనబడింది. సంగతి అర్థమైంది. పరుగున వచ్చి నాయనమ్మ నడుము చుట్టూ చేతులు వేసి, కొంగు పిడికిట్లో పట్టుకుని "అమ్మా, నేను పోను. అమ్మా, నన్ను పంపకు" అని ఏడుపు లంకించుకుంది. "గామెనే నిన్ను కన్న తల్లి, పోవాలె నా బంగారం" అంటూ ఆ ముసలామె తనూ ఏడుస్తూ, పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పసాగింది.

అక్క లేచింది. పిల్లను ఎత్తుకోవడానికే లేచిందనుకున్నాను. దగ్గరికి పోయి అత్త చేయి పట్టుకుని ఆపింది.

"ఇడ్సిపెట్టు అత్తమ్మా. వేళ్లు ఇప్పకు" అన్నది. "పిల్లను గుంజుకపోతే తల్లికి ఎట్లుంటదో నాకెరుకే. దాన్ని తల్లి కాడ నుంచి నేను గుంజను."

పిల్ల ఏడుపు ఆగేదాకా అక్క వాకిట్లోనే నిలబడింది. తరువాత సంచిలోంచి బట్టలు తీసి లోపల మడత పెట్టి వచ్చి, పిల్లకు రెండు జడలు వేసి బడికి పంపింది. మధ్యాహ్నం బస్సుకు మేమిద్దరం షాద్‌నగర్ వచ్చేశాం.